పేగు బ్యాక్టీరియా రిపోర్టుతో వచ్చిన ఆరేళ్ల బాబు: ఒక కేస్ స్టడీ

కోస్తా జిల్లాల్లో ఒక పట్నంలో పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డాక్టర్ని. ఆటిజం ఉన్న పిల్లల ఫైళ్లలో ఎమ్మారై, ఈఈజీ కాగితాల మధ్య ఈమధ్య ఇంకో రిపోర్టు కనబడుతోంది. మలం శాంపిల్ కొరియర్‌లో పంపించి, పేగులో ఏ సూక్ష్మజీవులు ఎంతున్నాయో చూపించుకునే మైక్రోబయోమ్ పరీక్ష అది. అలాంటి రిపోర్టు పట్టుకుని వచ్చిన ఒక కుటుంబం కేసు ఇది. వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

బాబుకు ఆరేళ్లు నిండాయి. మూడున్నరేళ్లప్పుడు ఆటిజం అని తేలింది. మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కావలసింది ఉంటే మన చెయ్యి పట్టుకుని అక్కడికి లాక్కెళ్తాడు. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ నడుస్తున్నాయి. ఇంట్లో అమ్మ, నాన్న, నాయనమ్మ.

తిండి దగ్గర మొదటినుంచీ పట్టుదలే. నెయ్యి వేసిన తెల్లన్నం, బంగాళాదుంప వేపుడు, పెరుగన్నం, ఒకే కంపెనీ బిస్కెట్లు, రోజుకు లీటరుకు తగ్గకుండా గేదె పాలు. పప్పు ముట్టడు, ఆకుకూర ముట్టడు. అరటిపండు ఒలిస్తే ఆ గదిలో ఉండడు.

తెచ్చిన సమస్య

"విరేచనాలు ఆగట్లేదండీ." తల్లి చెప్పిన మొదటి మాట అది. రోజుకు నాలుగైదుసార్లు నిక్కరు పాడవుతోంది. దాంతోపాటు నిద్ర పోయింది. నడిరాత్రి లేచి తల గోడకేసి కొట్టుకుంటున్నాడు. అన్నం తిన్న కాసేపటికి అరుపులు మొదలు. మంచం అంచుకు పొట్ట ఆనించి అలాగే బోర్లా వాలిపోతాడు. మణికట్టు దగ్గర కొరుక్కున్న మచ్చలు కాయలు కట్టాయి. కొన్నాళ్లు ఇంట్లోనే ఉంచుకోమని స్కూలువాళ్లు చెప్పేశారు.

మా దగ్గరికి వచ్చేసరికి చాలా వైద్యాలే అయ్యాయి. విరేచనాలని మెట్రోనిడజోల్ అనే యాంటీబయోటిక్ రెండు మూడు విడతలు వాడారు. నులిపురుగుల మాత్ర వేశారు. తర్వాత మేలుచేసే బ్యాక్టీరియా ఉంటుందనే ప్రోబయోటిక్ పొడి. ఆ పొడిని పెరుగన్నంలో కలిపి పెట్టారు. వాడు రుచి పసిగట్టాడు, ఆ రోజు నుంచి పెరుగన్నమే మానేశాడు. తినే నాలుగైదు పదార్థాల్లో ఒకటి అలా పోయింది.

ఆ తర్వాత ఎవరో చెప్తే గోధుమలు, పాలు ఆపేశారు. బిస్కెట్లూ పోయాయి. మొదటి వారం, పది రోజులు బాబు కాస్త తేలికపడ్డాడట. ఆ తర్వాత అంతకుముందుకన్నా ఎక్కువైంది. ఒక సైకియాట్రిస్టు చిరాకు తగ్గించే రిస్పెరిడోన్ మందు రాశారు గానీ తల్లిదండ్రులు భయపడి మొదలుపెట్టలేదు.

చివరికి ఈ మైక్రోబయోమ్ రిపోర్టు. రంగురంగుల చక్రాలు, బ్యాక్టీరియా పేర్లు. వైవిధ్యం తక్కువ అని ఎర్రరంగులో ఉంది. ప్రివొటెల్లా తక్కువ, క్లాస్ట్రిడియా జాతివి ఎక్కువ. చివరి పేజీలో నెలనెలా కొనాల్సిన సప్లిమెంట్ల జాబితా, ధరలతో సహా. ఆరోగ్యవంతుల మలంలోని సూక్ష్మజీవుల్ని రోగి పేగులోకి ఎక్కించే మలమార్పిడి గురించి తండ్రి అడిగింది సూటిగానే ఉంది: "మలమార్పిడి చేయిస్తే మాట వస్తుందంటున్నారు. ఎక్కడ చేయించాలో చెప్పండి. డబ్బు సంగతి మేం చూసుకుంటాం."

రిపోర్టును పక్కన పెట్టి పొట్ట చూడటం

ఆ ప్రశ్నకు జవాబు చెప్పేముందు నాకు తేలాల్సింది వేరే ఉంది. విరేచనాలంటున్నారు, మరి బాబు నొప్పితో మెలికలు తిరుగుతున్నాడు. నిక్కరు పాడవుతోంది, కానీ ఒంట్లో నీరు తగ్గిన జాడ లేదు. ఇలాంటప్పుడు రోజుకు ఎన్నిసార్లు అని అడిగితే లాభం లేదు. చివరిసారి పెద్దగా, మామూలుగా ఎప్పుడు వెళ్లాడు అని అడిగాను. తల్లికి గుర్తురాలేదు. నాయనమ్మ అందుకున్నారు: "వారానికోసారి అమ్మాయ్. ఆ రోజు కమోడ్ నిండిపోద్ది, ఎన్ని బకెట్లు కొట్టినా నీళ్లు దిగవు. మధ్యలో అంతా మేక పెంటికలే."

ఆవిడ ఆ ఒక్క మాటతో సగం డయాగ్నసిస్ చెప్పేశారు. పెద్దపేగు చివర మలం గట్టిపడి ఇరుక్కుంటే, పైనుంచి వచ్చే పలచటిది ఆ గడ్డ పక్కనుంచి జారుతుంది. ఇంట్లోవాళ్లకు కనబడేది ఆ జారిందే. కాబట్టి విరేచనాలు అంటారు, డాక్టరు దగ్గర ఆ మాటే అంటారు, విరేచనాల మందే వస్తుంది. ఆటిజం ఉన్న పిల్లలకు కడుపు సమస్యలు మిగతా పిల్లలకన్నా సుమారు నాలుగు రెట్లు ఎక్కువని, మలబద్ధకం మూడు రెట్లకు పైగా ఎక్కువని, అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసిన ఒక విశ్లేషణ 2014లో తేల్చింది. మాట రాని పిల్లల్లో ఆ బాధ బయటికి కనబడేది ప్రవర్తనగానే. నిద్రలేమి, కొరుక్కోవడం, కొట్టుకోవడం, పొట్ట దేనికో ఒకదానికి ఒత్తుకోవడం. అలాంటి ప్రవర్తన కొత్తగా మొదలైతే ముందు కడుపు చూడమని 2010లోనే అమెరికా పిల్లల వైద్య పత్రికలో నిపుణుల బృందం రాసింది.

తల్లి ఫోన్లో ఒక వీడియో చూపించారు. థెరపీ సెంటర్లో చూపించడానికి తీసిందట. బాబు కర్టెన్ వెనక మునివేళ్ల మీద నిలబడి, కాళ్లు రెండూ కత్తెరలా వేసి, ఒళ్లంతా బిగబట్టాడు. మొహం ఎర్రబడింది. ఇది ఆటిజంలో వచ్చే స్టిమ్మింగ్, అంటే ఒకే కదలిక పదేపదే చేయడం అని వాళ్లకు ఎవరో చెప్పారు. మునివేళ్ల నడక ఆటిజంలో ఉండేదే కాబట్టి ఆ పొరపాటు తేలిగ్గా జరుగుతుంది. కానీ ఆ వీడియోలో బాబు వస్తున్న మలాన్ని ఆపుకుంటున్నాడు. ఒకసారి నొప్పి పుట్టిన పిల్లవాడు మళ్లీ వెళ్లడానికి భయపడతాడు. ఆపుకున్నకొద్దీ అది గట్టిపడుతుంది, ఈసారి నొప్పి ఇంకా ఎక్కువ.

పొట్ట మీద చెయ్యి వేయనివ్వడానికి చాలాసేపు పట్టింది. ఎడమవైపు కింద మొదలై బొడ్డు పైదాకా గట్టి గడ్డ చేతికి తగిలింది. మలద్వారం దగ్గర చిన్న చీలిక. లోపలికి వేలు పెట్టి చూడలేదు. బయటినుంచే తెలుస్తోంది, అసలే తాకనివ్వని పిల్లవాడికి ఆ పరీక్ష ఇంకో భయమవుతుంది. ఎక్స్‌రే కూడా అదే లెక్కలో వద్దనుకున్నాను. తండ్రి చెయ్యి పట్టి ఆ గడ్డ మీద పెట్టాను. ఆయనేం మాట్లాడలేదు. కాసేపు చెయ్యి అలాగే ఉంచారు.

ఇంకేదైనా జబ్బు ఉందేమో తేల్చుకోవాలి. పుట్టిన మర్నాటికల్లా మొదటి మలం వచ్చింది, నెలల వయసులో ఇబ్బంది లేదు. కాబట్టి పుట్టుకతో పేగు నరాలు లేకపోవడం అనే హిర్ష్‌ప్రంగ్ జబ్బుకు అవకాశం తక్కువ. నడుము, కాళ్ల రిఫ్లెక్సులు బాగున్నాయి. థైరాయిడ్ మామూలుగానే ఉంది. హిమోగ్లోబిన్ 9.6, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ తక్కువ. లీటరు పాల మీద బతికిన పిల్లల్లో తరచూ చూసేదే. గోధుమ పడని సీలియాక్ జబ్బుకు వేరేచోట చేసిన రక్తపరీక్ష నెగెటివ్ అని ఫైల్లో ఉంది. దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. గోధుమలు మానేసిన కొన్ని నెలలకు చేసిన పరీక్ష అది. తిండిలో గోధుమ లేనప్పుడు, జబ్బు ఉన్నా ఆ పరీక్ష నెగెటివ్ రావొచ్చు. డైట్ మొదలుపెట్టేముందే చేయించాలి. ఈ వరస తప్పిన కేసులు తరచుగా వస్తుంటాయి.

డైట్‌తో మొదట్లో ఎందుకు తేలికపడ్డాడు? పాలు ఎక్కువైతే కొందరు పిల్లలకు మలబద్ధకం వస్తుంది. అవి ఆగగానే కాస్త మెత్తబడి ఉండొచ్చు. కానీ ఈ పిల్లవాడు నీళ్లు దాదాపు తాగడు. ఒంట్లోకి పోయే నీరంతా ఆ పాలే. పాలు పోయాక మిగిలింది అన్నం, బంగాళాదుంప. గోధుమ సంగతికొస్తే, మూడు పూటలా అన్నం తినే ఇంట్లో గోధుమలు ఆపామంటే ఆగింది బిస్కెట్లే.

తండ్రి ప్రశ్నకు జవాబు

ఆయన బాగా చదువుకుని వచ్చారు. ఫోన్లో అరిజోనా పేపరు ఉంది. "ఇది అబద్ధమా అండీ?" అన్నారు. అబద్ధం కాదు. 2017లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ బృందం 18 మంది ఆటిజం పిల్లలకు ముందు వాంకోమైసిన్ అనే యాంటీబయోటిక్ ఇచ్చి, తర్వాత పేగు కడిగే మందు పట్టించి, ఆపైన ఆరోగ్యవంతుల మలం నుంచి తీసిన సూక్ష్మజీవుల్ని కొన్ని వారాలు ఇచ్చింది. కడుపు బాధలు బాగా తగ్గాయి, ప్రవర్తన స్కోర్లూ మెరుగయ్యాయి. రెండేళ్ల తర్వాత కూడా ఆ మార్పు నిలిచిందని 2019లో రాశారు.

ఆ పేపరులో నేను ఆయనకు చూపించినవి రెండు. మొదటిది, ఉత్తుత్తి మందు ఇచ్చి పోల్చిన జట్టు అందులో లేదు. ఏ మందు ఇస్తున్నారో తల్లిదండ్రులకు తెలుసు. ఆటిజంలో తల్లిదండ్రుల ఆశ ఎంత తేడా తెస్తుందో సీక్రెటిన్ కథ చెప్తుంది. ఆ హార్మోన్ ఇంజెక్షన్‌తో ముగ్గురు పిల్లలు మెరుగయ్యారని 1998లో ఒక రిపోర్టు వస్తే అమెరికాలో వేలమంది ఎగబడ్డారు. మరుసటేడాది ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో పోల్చి చూస్తే రెండు జట్లూ ఒకేలా మెరుగయ్యాయి. పని చేయలేదని చెప్పాక కూడా ఆ తల్లిదండ్రుల్లో ఎక్కువమంది అదే కావాలన్నారు.

రెండోది, ఆ 18 మందికీ ముందునుంచే కడుపు సమస్యలున్నాయి, చికిత్సలో పేగు కడగడం ఒక భాగం. కొత్త బ్యాక్టీరియా వల్ల మెరుగయ్యారా, కడుపు నొప్పి తగ్గినందువల్ల మెరుగయ్యారా అన్నది ఆ పేపరుతో తేలదు. అందులో పేగు శుభ్రం చేసే భాగం మన ఊళ్లోనే, మందుల షాపులో దొరికే పొడితో చేయొచ్చని చెప్పాను.

బ్యాక్టీరియాలో తేడా ఉందా అంటే ఉంది. 2024లో హాంకాంగ్ బృందం 1,600కు పైగా పిల్లల మలం పరిశీలించి, సూక్ష్మజీవుల తీరును బట్టి ఆటిజం ఉన్నవాళ్లను చాలావరకు వేరుచేయగలిగింది. తేడా ఉండటం, ఆ తేడా వల్లే ఆటిజం రావడం మాత్రం వేరువేరు సంగతులు. ఆస్ట్రేలియాలో 247 మంది పిల్లల మీద చేసి 2021లో ప్రచురించిన అధ్యయనం ఈ కుటుంబానికి దగ్గరగా ఉంది. ఆటిజానికీ బ్యాక్టీరియాకూ నేరుగా ఉన్న సంబంధం అతి స్వల్పమని, తిండి ఎంపికలు కుదించుకుపోవడం వల్ల బ్యాక్టీరియా వైవిధ్యం తగ్గుతోందని వాళ్ల వాదన. అంటే ఆటిజం వల్ల తిండి కుదించుకుపోతోంది, తిండి వల్ల బ్యాక్టీరియా మారుతోంది. బాబు రిపోర్టులో ఎర్రరంగులో ఉన్న ఆ "తక్కువ వైవిధ్యం" నాకు అన్నం, బంగాళాదుంప, మధ్యలో రెండు మూడు విడతల మెట్రోనిడజోల్ లాగానే కనబడింది.

ఇంకో సంగతి కూడా ఉంది. 2000లో అమెరికాలో 11 మంది పిల్లలకు నోటి ద్వారా వాంకోమైసిన్ ఇచ్చి చూశారు. ఎక్కువమంది మెరుగయ్యారు, మందు ఆపాక ఆ మెరుగు చాలావరకు పోయింది. అందుకే ఈ రంగాన్ని నేను కొట్టిపారేయను, అక్కడేదో ఉందనే అనిపిస్తుంది. 1998లో లాన్సెట్ వైద్య పత్రికలో 12 మంది పిల్లల మీద వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు రాసిన పేపరు టీకాలతో పాటు పేగునూ ఆటిజానికి ముడిపెట్టింది, 2010లో పత్రిక దాన్ని రద్దు చేసింది. ఆ మరక వల్ల చాలాకాలం ఆటిజం, కడుపు అనే మాటలు ఒకే వాక్యంలో అనడానికి డాక్టర్లే జంకారు. నష్టపోయింది ఇలాంటి పిల్లలు.

మలమార్పిడి గురించి మాత్రం మొహమాటం లేకుండా వద్దన్నాను. క్లాస్ట్రిడియాయిడ్స్ డిఫిసిల్ అనే పేగు ఇన్ఫెక్షన్ మళ్లీమళ్లీ వచ్చేవాళ్లకు అది నిరూపణ అయిన చికిత్స. ఆటిజానికి ఇంకా పరిశోధనే. 2019లో అమెరికాలో మందులకు లొంగని ఈ.కోలై బ్యాక్టీరియా దాత మలం ద్వారా ఇద్దరు రోగులకు సోకి, ఒకరు చనిపోయారు. ఆ ఇద్దరికీ రోగనిరోధక శక్తి తక్కువే. కానీ పరీక్షించిన దాతల విషయంలోనే అలా జరిగితే, వాట్సాప్ గ్రూపులో నంబరు ఇచ్చి చేయించే చోట ఏం పరీక్షిస్తారు?

చేసింది: మొదట కుదరలేదు

ముందు పేగు ఖాళీ చేయాలి, తర్వాత నెలల తరబడి మెత్తగా ఉంచాలి, బాత్రూమ్ భయం పోగొట్టాలి. ఎనిమాతో ఒక్కరోజులో పని అవుతుంది. కానీ నలుగురు పట్టుకుని చేయాలి. ఆ భయం ఆరు నెలలు మోయాల్సి వస్తుంది. అందుకని నోటి ద్వారా, మలాన్ని మెత్తబరిచే పాలీఎథిలీన్ గ్లైకాల్ పొడి. అదే పనికి లాక్టులోజ్ సిరప్ ఇంతకుముందు ఎవరో రాశారు, గ్యాస్ పట్టి అరుపులు ఎక్కువయ్యాయని ఆపేశారు.

తండ్రికి సెలవు దొరికేది దసరాకే. ఈలోగా వాడికి మందు తాగడం అలవాటు చేద్దామనుకున్నాం. షాపులో ఉన్న రకం ఇచ్చారు, లవణాలు కలిపిన నారింజ రుచిది. ఒక్క గుక్క నోట్లో పోసుకుని గ్లాసు విసిరేశాడు. ఆ గ్లాసులో మర్నాడు మంచినీళ్లు ఇచ్చినా తాగలేదు. నాయనమ్మ పాలు మళ్లీ మొదలుపెట్టి వాటిలో కలిపి పట్టిస్తానన్నారు. అది మాత్రం వద్దని గట్టిగా చెప్పాను. పెరుగన్నం ఎలా పోయిందో చూశాం. ఇలాంటి పిల్లలకు నమ్మకమున్న పదార్థంలో మందు దాచకూడదు. ఒకసారి పసిగడితే అది మళ్లీ రాదు.

అందుకని లవణాలు, రుచి ఏమీ లేని పొడి తెప్పించాం. వాడికి పాత జ్ఞాపకం లేని కొత్త సీసా ఒకటి కొన్నారు. మొదట మందు లేకుండా పలచటి నిమ్మకాయ నీళ్లు చెంచాడు. తాగితే ఇష్టమైన గిరగిర తిరిగే బొమ్మ. మెల్లగా పొడి కలపడం, మెల్లగా సీసా నింపడం. ఇది విసుగు పుట్టించే పని, తల్లే చేశారు.

అదే వ్యవధిలో ఇంట్లో డైరీ రాయమన్నాను. రాత్రి ఎన్నిగంటల నిద్ర, తల కొట్టుకోవడం ఎన్నిసార్లు, నిక్కరు ఎన్నిసార్లు, మలం ఏ రకమో బ్రిస్టల్ బొమ్మల చార్టు చూసి అంకె. చిరాకు, సామాజిక స్పందన వేరువేరుగా చూపించే ప్రవర్తన ప్రశ్నావళి ఒకటి. మన దేశపు ఆటిజం స్కేలు ఐసా స్కోరు ఒకటి. స్పీచ్ థెరపిస్టుకు మాత్రం మందు ఎప్పుడు మొదలవుతుందో చెప్పవద్దని తల్లిదండ్రులతో ఒప్పందం చేసుకున్నాం. ఆవిడ రోజూ రాసే షీట్లు ఆవిడ రాస్తారు. ఇల్లంతా ఆశతో చూస్తున్నప్పుడు, ఆశ లేని కళ్లు ఒక జత ఉండాలి.

ఐరన్ సిరప్ అప్పుడే మొదలుపెట్టలేదు. ఆ వయసులో 9.6 అంటే కొద్ది వారాలు ఆగొచ్చు. ఆగడానికి కారణం వేరే. ఐరన్ తక్కువైనా పిల్లలకు నిద్ర చెడుతుంది. రెండూ ఒకేసారి ఇచ్చి నిద్ర బాగుపడితే, దేనివల్లో నాకు తెలియదు, వాళ్లకూ తెలియదు.

పని చేసింది

బాబు బరువు 19 కిలోలు. పేగు ఖాళీ చేయడానికి కిలోకు 1 నుంచి 1.5 గ్రాముల పొడి రోజుకు, మూడు నుంచి ఆరు రోజులు. రోజుకు 20 గ్రాములతో మొదలుపెట్టి పెంచాం. ఇది డాక్టరు పర్యవేక్షణలో చేసే పని, ఈ అంకెలు చూసి ఇంట్లో ప్రయత్నించకండి. నిక్కరు పాడవడం ముందు ఎక్కువవుతుందని చెప్పే పంపాను. అయినా రెండోరోజు నాయనమ్మ ఫోను: "నీళ్ల విరేచనాలమ్మాయ్, పిల్లాడు నీరసపడిపోతాడు, ఆపేద్దాం." అక్కడ ఆపితే గడ్డ అలాగే ఉండి పక్కనుంచి నీళ్లు మాత్రమే పోతాయి. వాంతులు లేవు, మూత్రం బాగా వస్తోంది, ఆడుకుంటున్నాడు. కొనసాగించమన్నాను. మూడోరోజు సాయంత్రం నుంచి గడ్డలు గడ్డలుగా వచ్చింది. ఆ రాత్రి తెల్లారేదాకా పడుకున్నాడు. తల్లిదండ్రులు మాత్రం పడుకోలేదట, ఇలా నిద్రపోవడం చూసి చాలాకాలమైంది కదా, ఊపిరి చూస్తూ కూర్చున్నారు.

తర్వాత కిలోకు 0.4 గ్రాముల చొప్పున రోజూ. పాలు తిరిగి ఇచ్చాం, అర లీటరు దాటకుండా. బిస్కెట్లూ తిరిగొచ్చాయి. రెండు నెలలు గోధుమ తిన్నాక సీలియాక్ పరీక్ష మళ్లీ చేయిస్తే నెగెటివ్. ఈసారి ఆ మాటకు విలువుంది. నిద్ర కుదురుకున్నాక ఐరన్ మొదలుపెట్టాం.

బాత్రూమ్ పని వేరుగా సాగింది. వాడు డయపర్ వేస్తేనే, కర్టెన్ వెనక నిలబడే వెళ్తాడు. కమోడ్ మీద కూర్చోబెడితే కాళ్లు గాల్లో వేలాడతాయి, కాళ్లకు ఆనిక లేకపోతే ముక్కడానికి బలం రాదు. కాళ్ల కింద స్నానం పీట పెట్టించాం. డయపర్ తీసేయలేదు. ముందు డయపర్‌తోనే బాత్రూమ్‌లో నిలబడటం, తర్వాత డయపర్‌తోనే కమోడ్ మీద కూర్చోవడం, తర్వాత డయపర్ అడుగున కత్తెరతో చిన్న రంధ్రం, వారం వారం ఆ రంధ్రం పెద్దది చేయడం. చివరికి నడుముకి పట్టీ మాత్రం మిగిలింది. అది లేకుండా కూర్చోవడానికి ఇంకో నెల పట్టింది.

రెండు నెలలకు అంతా బాగుందని ఇంట్లోవాళ్లు పొడి సగానికి తగ్గించారు. "మందుకు అలవాటు పడిపోతాడేమోనని," అన్నారు తండ్రి. ఈ భయం అందరికీ ఉంటుంది. పొడి పేగులో నీళ్లు పట్టి ఉంచుతుంది, ఒంట్లోకి దాదాపు చేరదు. అలవాటయ్యే మందు కాదు. ఏడాదిగా సాగిపోయిన పేగు మళ్లీ బిగిసి, నిండిందన్న కబురు మెదడుకు పంపడం మొదలుపెట్టాలంటే నెలలు కావాలి. మూడు వారాల్లో తల కొట్టుకోవడం మళ్లీ మొదలైంది. పొట్ట చూస్తే గడ్డ. మోతాదు పూర్తిగా ఇచ్చాక మళ్లీ తగ్గింది. ఒక విధంగా ఈ ఎదురుదెబ్బే గట్టి ఆధారం. మందు తగ్గితే లక్షణం వచ్చింది, ఇస్తే పోయింది.

మారింది, మారనిది

ఆరు నెలలకు లెక్క చూశాం. నిద్ర, తల కొట్టుకోవడం, కొరుక్కోవడం, పొట్ట ఒత్తుకోవడం, నిక్కరు పాడవడం: అన్నిట్లోనూ పెద్ద మార్పు. ప్రశ్నావళిలో చిరాకు భాగం సగానికి పైగా తగ్గింది. సామాజిక స్పందన భాగం కదల్లేదు. ఐసా స్కోరులో చెప్పుకోదగ్గ తేడా లేదు. కొత్త మాటలు రాలేదు. థెరపిస్టు షీట్లలో మాత్రం దసరా తర్వాత నుంచి "కుర్చీలో కూర్చుంటున్నాడు, బల్ల మీద పని పూర్తి చేస్తున్నాడు" అని పదేపదే కనబడింది. కారణం ఏమిటో ఆవిడకు అప్పటికి తెలియదు.

తండ్రి తన గ్రూపులో "ఆటిజం సగం తగ్గింది" అని పెట్టారట. ఆయన్ని తప్పుపట్టను, ఆ ఇంట్లో రాత్రిళ్లు ఎలా గడిచాయో చూసినవాళ్లెవరూ తప్పుపట్టరు. పేగు బాగుచేస్తే ఆటిజం తగ్గిందనే కథలు ఎలా పుడతాయో కూడా ఇక్కడ తెలుస్తుంది. నొప్పి తగ్గిన పిల్లవాడు కూర్చుంటాడు, నిద్రపోతాడు, ఎదుటి మనిషిని కాసేపు చూస్తాడు. అదే సమయంలో ఇంట్లో ఏ డబ్బా పొడి వాడుతుంటే పేరు దానికి వస్తుంది. ఈ బాబు ఆ నెలలో రిపోర్టు చివరి పేజీలో ఉన్న సప్లిమెంట్లు వాడి ఉంటే, ఇవాళ ఆ గ్రూపులో ఇంకో పదిమంది అవే కొంటూ ఉండేవాళ్లు.

మాకు చెప్పకుండా ఆయన మైక్రోబయోమ్ పరీక్ష మళ్లీ చేయించారు. వైవిధ్యం పెరిగింది, ఆకుపచ్చ రంగులోకి వచ్చింది. "చూశారా, బ్యాక్టీరియా బాగుపడింది కాబట్టే వీడు బాగుపడ్డాడు" అన్నారు. మధ్యలో యాంటీబయోటిక్ ఆగింది. పేగులో మలం నిలవ ఉండటం ఆగింది. ఆ పొడి కూడా పేగులో సూక్ష్మజీవుల పరిస్థితి మారుస్తుంది. తిండిలోకి ఇడ్లీ వచ్చింది, మెత్తగా మిక్సీ పట్టిన పప్పు అన్నంలో చెంచాడు చొప్పున మొదలై ఇప్పుడు గరిటెడు అయింది. వీటిలో ఏది ముందు, ఏది వెనక అని ఆ కాగితం చెప్పలేదు. రెండు పరీక్షలకు ఖర్చయిన డబ్బుతో బాబుకు ఏడాది పొడి వస్తుంది.

ఈ కేసు తర్వాత మా క్లినిక్‌లో

ఆటిజం ఉన్న పిల్లవాడు కొత్తగా కొట్టుకుంటున్నాడు, కొరుక్కుంటున్నాడు, నిద్రపోవట్లేదు అంటే మందు రాసేముందు పొట్ట, పళ్లు, చెవులు చూడటం మాకు ఇదివరకే ఉన్న పద్ధతి. ఇప్పుడు దానికి కమోడ్ ప్రశ్న చేరింది. "నీళ్లు దిగకుండా మూసుకుపోయిన రోజులున్నాయా" అని నాయనమ్మనో అమ్మమ్మనో అడుగుతాం. తల్లులకు చెప్పడానికి సిగ్గు, తండ్రులకు తెలియదు.

ప్రోబయోటిక్ వాడతామని ఎవరైనా పట్టుపడితే గొడవపడను. 2020లో ఇటలీలో 85 మంది చిన్నపిల్లల మీద ఉత్తుత్తి మందుతో పోల్చిన పరీక్షలో మొత్తంగా ఆటిజం తీవ్రతలో తేడా రాలేదు, కడుపు సమస్యలున్న పిల్లల్లో మాత్రం కొంత మేలు కనబడింది. ఆ సంగతి చెప్తాను. ఒక సమయంలో ఒక్క మార్పే చేయమంటాను, మొదలుపెట్టేముందు డైరీ రాయమంటాను. పెరుగన్నంలో మాత్రం కలపవద్దంటాను.

బాబు ఇప్పుడు బొమ్మల కార్డులతో అడగడం నేర్చుకుంటున్నాడు. పొట్ట పట్టుకున్న పిల్లవాడి బొమ్మతో "నొప్పి" కార్డు ఒకటి చేయించాం. నిజంగా నొప్పి వచ్చినప్పుడు చూపిస్తున్నాడు. స్కూలు బస్సు వచ్చే వేళకూ చూపిస్తున్నాడు. కాబట్టి తల్లి ప్రతిసారీ పొట్ట నొక్కి చూసి, గడ్డ లేకపోతే బస్సెక్కిస్తున్నారు. పొడి మోతాదు తగ్గించడం వేసవి సెలవుల్లో మొదలుపెడతాం, నెలకు కొంచెం చొప్పున, డైరీ చూసుకుంటూ.